రెండో సూదికి ముందు

దాజీ పేట్ గల్లీలో అరుగు మీద బీడీలు చుడుతున్న పిల్లతల్లి, టీకా సూదుల డబ్బాతో వచ్చిన నర్సును చూసి చేట పక్కకు జరిపింది. నర్సు ఆ గల్లీ ఆడపడుచే. పోయిన నెల, ఇప్పుడు తల్లి పక్కన పడుకున్న పసిదానికి మొదటి సూది వేసింది తనే.

"పోరి మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది అక్కా. సూది ఎయ్యి."

"పోయినసారి సూది ఏసినంక ఫిట్స్ వచ్చినయట గద. మీ అత్త చెప్పింది."

"ఆమె ఊకె అంటది. జర జ్వరమొచ్చింది, అంతే."

"నా మొహం చూసి చెప్పు."

"కాళ్లు చేతులు కొట్టుకున్నది. కండ్లు తేలేసింది. చెప్తే నీ నౌకరి పోతదని చెప్పలే."

నర్సు సూదుల డబ్బా పక్కన పెట్టింది.

"నా నౌకరి ఏం పోదు. నువ్వు దాస్తే ఇయ్యాల మళ్ల అదే సూది ఏస్తుంటి గదనే!"

"మరి ఇప్పుడెట్ల?"

"దీన్ని ముందు డాక్టర్ సాబ్ చూడాలె. జరిగింది రాసి పైకి పంపుత, ఢిల్లీ దాక పోతది. ఊరూరి నుంచి అట్ల పోతేనే అది సూదితోని అయిందా, వేరేదానితోనా అని తెలుస్తది."

"గల్లీలోళ్లు వింటే తలుపులు ఏసుకుంటరు అక్కా."

"ఏసుకుంటరేమో. నాకూ భయంగనే ఉన్నది. కానీ ఇట్ల అయ్యేది ఎక్కడో ఒకరికి. ఈ సూది లేక కోరింత దగ్గు వస్తే పసిపిల్లల పానం మీదికే వస్తది."

పిల్లతల్లి బిడ్డను చంకనెత్తుకుని లేచింది.

"పద, డాక్టర్ సాబ్ దగ్గరికి పోయే తోవల, మా పక్కింటి గంగమ్మ కోడలింటికి నేను గూడ వస్త. నా పోరికి ఏమైందో నేనే చెప్పి, వాళ్ల పిల్లగానికి దగ్గరుండి సూది ఏయిస్త."