నీళ్ల పంపు సీలు

పాత కారు నుంచి ఊడదీసిన ఆయిల్ సీలును, నూనె కారకుండా ఆపే ఆ రబ్బరు రింగును, ముసలాయన స్పేర్ పార్టుల కొట్లో కొట్టువాడి ముందు బల్లమీద పెట్టాడు.

“ఈ సీలు తయారీ మానేసి పాతికేళ్లయింది బాబాయ్. ఇంజనే మార్పించెయ్.”

“మీ పిన్ని నడిపిన ఇంజను. మార్చను.”

“పిన్నే పోయాక ఇంకా ఎందుకు?”

“నోరు మూసుకుని వెతుకు. రేపటికి బండి కదలకపోతే తుక్కుకి తోలేస్తాడట నా బావమరిది. బండి పెట్టిన షెడ్డు వాడిది మరి.”

“అరిగిపోయిన సీలు కొలిస్తే ఏం తెలుస్తుంది? అది తొడిగే షాఫ్టు కొలిచావా?”

“ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. మూడుసార్లు కొలిచాను.”

“ఆ లావుకి నీళ్ల పంపు సీలే ఉంది. వేడికి ఆగదు, నూనె కారుతుంది.”

“కారనీ. కింద బేసిను పెడతాను.”

“రోజూనా?”

“మంచాన పడ్డ మీ పిన్నికి మూడేళ్లు బేసిన్లెత్తాను. ఆవిడ ఇంజనుకి ఎత్తలేనా? ఇలా ఇవ్వు.”