ఎత్తని జెండా

పోనీ తిట్టనైనా తిట్టవే సులేమా! గంట నుంచీ ఒక్క మాట లేదు. ఆ పిండిముద్దనెందుకలా కుమ్మేస్తున్నావు, అది నేననుకునా?

ఉల్లికాడలు తరిగిపెట్టనా? వద్దూ. గుడ్లు ఒలవనా? అదీ వద్దూ. సరే, ఇలా ఈ స్టూలు మీద కూర్చుంటా. కూర్చోవడానికి కూడా నీ పర్మిషన్ కావాలా ఏంటి?

కావాలా! సరేలే, నిలబడతా.

ఈ వంటింట్లోంచి క్లబ్బు హాల్లోకి వెళ్దామంటే అక్కడ మనవాళ్లెవరూ నా మొహం చూడట్లేదు. నలభై రెండేళ్లు! ఈ సాఫ్రా రగ్బీ క్లబ్బుకి నలభై రెండేళ్లు చాకిరీ చేస్తే, ఇవాళ ఆ కసాయి కొట్టు నున్సియో ఏమన్నాడో తెలుసా? "ఇలారియో, నువ్వెవరి మనిషివి?" అన్నాడు. నన్ను! మన పెళ్లి గురువారం ఎందుకు పెట్టించానో వాడికి తెలుసా? శనివారం ఆట ఉందని కాదూ? నీకు తెలుసు. ఇప్పటికీ దెప్పుతుంటావుగా.

మోంతె బాహో వాళ్లే నయం. మనల్ని ఓడించినవాళ్లే నన్ను కౌగిలించుకున్నారు. ఇదిగో ఈ చారల టై చూశావా? వాళ్ల అధ్యక్షుడు తన మెడలోంచి తీసి నా మెడలో వేశాడు. "సొంత క్లబ్బు మునిగిపోతున్నా నిజమే చెప్పిన పెద్దమనిషి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అంటే, అటువైపు వాళ్లందరూ.

నవ్వకు. నవ్వట్లేదా? భుజాలు కదిలితే నవ్వావేమో అనుకున్నా.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనం రచ్చ సంగతి దేవుడెరుగు, ఇంట్లోనే గెలిచి రెండేళ్లైంది. ముప్ఫై ఒక్క ఆటలు, ముప్ఫై ఒక్క ఓటములు! నిరుడే కింది డివిజన్‌లో పడాల్సినవాళ్లం, గుడ్డిలో మెల్లగా ఇంకెవరిదో క్లబ్బు మూతపడి బతికిపోయాం. ఆటైపోయాక ఓడించినవాళ్లకి కడుపునిండా పెట్టి పంపడం మన ఆచారమాయె. ఆ లెక్కన ఈ రెండేళ్లలో ఈ జిల్లా రగ్బీవాళ్లందరి పొట్టలూ నీ చేతి వంట మీదే పెరిగాయి. వాళ్లు మనతో ఆడటానికొస్తారనుకున్నావా? నీ ఎంపనాడాల కోసం, ఈ మాంసం కజ్జికాయల కోసం వస్తారే! దారిలో ఆట అడ్డొస్తుంది కాబట్టి ఆడిపోతారు.

ఆ అంచు మడతలు కాస్త నెమ్మదిగా వెయ్యి. పదమూడు వెయ్యాల్సిన చోట తొమ్మిదే వేశావు. కోపంగా ఉంటే నువ్వు తొమ్మిదే వేస్తావు, నాకు తెలుసు.

నా తప్పేముందో చెప్పు మరి! రూలు నీకు తెలియనిదా? ఒక్కో క్లబ్బు నుంచి ఒక్కో మనిషి జెండా పట్టుకోవాలి. గోల్‌కి తన్నేటప్పుడు ఇద్దరం చెరో స్తంభం కింద నిలబడాలి. బంతి రెండు స్తంభాల మధ్యలోంచి, అడ్డకర్ర మీంచి పోతే జెండా ఎత్తాలి, పోకపోతే దించి ఉంచాలి. అంతేగా?

ఆఖరి నిమిషం. రెండు పాయింట్లు వెనక ఉన్నాం. మన లిసాంద్రో తన్నింది పడితే మూడు. గెలుస్తాం, ఈ డివిజన్‌లోనే ఉంటాం. వాళ్ల జెండా మనిషి ఓవిదియో కుడి స్తంభం కింద, నేను ఎడమ స్తంభం కింద. లిసాంద్రో తన్నాడు. ఓవిదియో జెండా ఎత్తాడు. నేను ఎత్తలేదు.

రిఫరీకి కళ్లలో ఎండ. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పాపం, అతను మాత్రం ఏమనుకుంటాడు? సొంత క్లబ్బువాడే లేదంటుంటే లేనట్టేగా! ఈల ఊదేశాడు. అయిపోయింది.

ఓవిదియోకి వయసైంది. కళ్లు ఆనవు. పొరపాటు పడ్డాడు.

ఏంటలా చూస్తావు? నాకంటే నాలుగేళ్లు చిన్నే అయితే మాత్రం? కళ్లకి వయసుతో పనేంటి!

సరే, నీ బాధ నాకు తెలుసు. నీ అల్లుడు లిసాంద్రో గురించేగా? "నా అల్లుడు, నా అల్లుడు" అని నెత్తిన పెట్టుకుంటావు. నాకు మాత్రం అల్లుడు కాడా? ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చాయి, మోకాలికి రెండు ఆపరేషన్లు, ఇదే ఆఖరి ఆటని మన అమ్మాయి నోయెలియాకి మాటిచ్చాడు. వాడు ఇంకా బూట్లైనా విప్పలేదు, బట్టలు మార్చుకునే గదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నోయెలియా పిలిచినా లేవలేదు. నేను వెళ్తే తలెత్తి ఏమడిగాడో తెలుసా? "మామయ్యా, ఎంతలో తప్పింది?" అన్నాడు.

జానెడు, అన్నాను.

ఏదో ఒకటి చెప్పాలిగా! "జానెడా... తప్పు నాదే మామయ్యా, క్లబ్బుని నేనే ముంచాను" అన్నాడు. కాదులేరా అని భుజం తట్టొచ్చాను. ఇంకేం చెయ్యను?

ఏంటి, చేతులు తుడుచుకుంటున్నావు? బాణలిలో కొవ్వు కాగిపోయి పొగొస్తోంది, చూసుకో. ఎక్కడికి? కిటికీ ఎందుకిప్పుడు, చలిగాలొస్తుంది. తెర పక్కకి ఎందుకు లాగడం?

ఆఁ, చూస్తున్నా. స్తంభాలు. కనిపిస్తున్నాయి. ఇక్కణ్ణించి బాగానే... రెండూ సమంగా, ఎదురుగా...

నువ్వు ఇక్కడే ఉన్నావా అప్పుడు?

మొత్తం చూశావా?

ఎంత మధ్యలోంచి పోయింది?

అంత మధ్యలోంచా!

కాసేపు కూర్చుంటానే. ఈసారి నీ పర్మిషన్ అడగను.

చూడు, నేను కావాలని చెయ్యలేదు. మన అమ్మాయి మీద ఒట్టు. లిసాంద్రో ఇంకా బంతి నిలబెట్టుకుంటున్నాడు, అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు... నేను జెండా చుట్టేస్తున్నా. అవునే, చుట్టేస్తున్నా! గుడ్డ కర్రకి చుట్టి, తాడు ముడి కూడా వేసేశా. ఎందుకంటే ఏం చెప్పను? అలవాటు. ఆఖరి తన్నుకి ముందే చుట్టేసుకుంటే, గబగబా వచ్చి నీకు పొయ్యి రాజేసి పెట్టొచ్చు. ఎప్పుడూ అదేగా చేస్తున్నా. ఎప్పుడైనా ఆ ఆఖరిది పడితేగా!

ధబ్బుమని చప్పుడైంది. తలెత్తేసరికి బంతి నా వెనకెక్కడో పడి దొర్లుతోంది. అటు చూస్తే ఓవిదియో జెండా పైకి లేచి ఉంది. వాళ్ల క్లబ్బు ఓడిపోతుందని తెలిసీ ఎత్తాడు సులేమా! మన కోసం, అవతలివాడు! అందరి కళ్లూ నా మీద. నా జెండా ముడితో సహా కాలికి ఆనించి దాచుకున్నా. ఇప్పుడా ముడి విప్పి ఎత్తితే, ఎప్పుడు చుట్టావురా అని అడగరూ? సిగ్గేసింది. తల అడ్డంగా ఊపేశాను.

అదీ నా నిజాయతీ. ఈ టై దానికే వేశారు.

ఏమన్నావు? గంట తర్వాత మొదటి మాట ఇదా!

ఎప్పట్నుంచంటే... ఏమోనే. పదేళ్లో, పన్నెండేళ్లో. నమ్మకం ఒక రోజున పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. లిసాంద్రో తన్నలేడని కాదు. మనం గెలుస్తామన్న నమ్మకమే పోయింది. వానలో వెళ్లాను, జ్వరంతో వెళ్లాను, మా అమ్మ పోయిన వారం కూడా వెళ్లాను. ఇలారియోకి ఉన్న నమ్మకం ఎవరికీ లేదంటారు ఊళ్లో. తప్పే! హాల్లో కూర్చున్న ప్రతివాడూ నమ్మాడు. నన్ను తిట్టిన నున్సియో కూడా నమ్మాడు, నమ్మాడు కాబట్టే తిట్టాడు. ఈ క్లబ్బు మొత్తంలో నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే. పోయి పోయి జెండా నా చేతికే ఇచ్చారు.

మరెందుకు వెళ్లావంటావా? శనివారం మధ్యాహ్నం ఇంకెక్కడికి పోనే?

అలా చూడకు. ఏడవట్లేదు, ఉల్లికాడలు.

అవును, తరగలేదు. నువ్వు తరగనివ్వలేదుగా.

వెళ్తున్నా, వెళ్తున్నా, తొయ్యకు. ముందు లిసాంద్రోకి చెప్తా. నువ్వు తన్నింది నట్టనడుమ పోయిందిరా, జానెడు గీనెడు ఏం లేదు, ముంచింది నేనేరా అని చెప్తా. కొడితే కొడతాడు.

హాల్లో కూడానా? మోంతె బాహో వాళ్ల ముందా? ఓవిదియో ముందా?

సరే. అతని ముందు కూడా. ఈ టై విప్పి అతని చేతికే ఇస్తా. కానీ ఒకటి తెలుసుకో, రిఫరీ సంతకం పెట్టేశాడు, కాగితం వెళ్లిపోయింది. నేను గొంతు చించుకున్నా ఆ ఆట తిరిగి రాదు. వచ్చే ఏడు కింది డివిజన్‌లో, చెరకు బండ్లు నిలిపే మైదానాల్లో ఆడాల్సిందే మనం.

అక్కడా జెండా పట్టుకోవడానికొక మనిషి కావాలిగా...

వద్దా?

వద్దులే. నువ్వన్నదే నిజం. ఆ పని నున్సియోకి ఇమ్మను. నేను గీత అవతల, జనంలో నిలబడి చూస్తాను. అక్కడైతే నేను నమ్మకపోయినా ఎవరికీ నష్టం లేదు.