ఆమని ఫారం మీద నా సంతకం

ఈ వీడ్కోలు సభకు పెద్దరికం వహించిన మూర్తిగారికి, ఈ ఎండల్లో శాలువా కప్పి నన్ను ఉక్కబోత పాలు చేసిన కార్యవర్గానికి, శుక్రవారం నిద్ర మానుకుని జెబెల్ అలీ నుంచి కంపెనీ బస్సులో ఈ సత్వా హాలుకు వచ్చిన నా తోటి పనివాళ్లకి, వెనక వరసలో కూర్చుని కుదురుగా మాట్లాడమని నాకు సైగలు చేస్తున్న మా ఆవిడ మంగకి, ఆవిడ పక్కనున్న మా అమ్మాయి ఆమనికి నమస్కారాలు.

ఇందాక మూర్తిగారు ఈ సత్యప్రసాద్ ధైర్యవంతుడన్నారు. ఆయన మా పైపుల ఫ్యాక్టరీ ఫైనాన్స్ మేనేజరు, ఎన్నడూ లెక్క తప్పరు, ఇవాళ తప్పారు. (నవ్వులు) ఎనభై అయిదులో దుబాయ్ వచ్చాను, ఇది రెండువేల ఏడు. ఇన్నేళ్లూ నా పనల్లా మీ కాగితాలు పట్టుకుని ఇమిగ్రేషన్ కిటికీల ముందు నిలబడటం, వీసా కొట్టించడం, గడువు పెంచడం, మనిషి వెళ్లిపోతే క్యాన్సిల్ చేయించడం. ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో తెలిసేకొద్దీ మనిషికి భయం పెరుగుతుందే గానీ తగ్గదండీ. మొన్న బుధవారం నా క్యాన్సిలేషన్ కాగితం నేనే టైపు చేసుకున్నాను. నా పేరే రెండుసార్లు తప్పు కొట్టాను.

మా ఆమనికి స్వీడన్‌లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మెడిసిన్ చదివే అవకాశం వచ్చిందని మీకు తెలుసు, స్వీట్లు కూడా తిన్నారు. ఊరి పేరు అడక్కండి, నాకు నోరు తిరగదు. మొదటి ఏడాది వాళ్ల భాష నేర్చుకోవాలి, ఆ పరీక్ష గట్టెక్కితేనే మెడిసిన్ క్లాసు. ఫీజు లేదన్నారు. ఆ మాట వినగానే నాకు అనుమానం పట్టుకుంది. ఊరికే ఇస్తామన్నవాణ్ణి ఈ దుబాయ్‌లో నేనింతవరకూ నమ్మలేదు. వెంటనే ఆ విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసి, పిల్లకి కఫీల్ ఎవరని అడిగాను. అవతలి ఆవిడకి అర్థం కాలేదు. స్పాన్సర్ అన్నాను, హామీ ఉండే మనిషి అన్నాను. చివరికి ఆవిడ, "మీ అమ్మాయి తరఫున మీ అమ్మాయే ఉంటుంది కదండీ" అంది. ఫోన్ పెట్టేసి మంచినీళ్లు తాగాను.

అక్కడ చలికాలంలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుందట. జ్వరమొస్తే పిల్ల ఏ భాషలో మూలగాలి? రేపు ఆసుపత్రిలో ఒక ముసలాయన ప్రాణం పోతూ చెప్పే మాట దీనికి అర్థం కాకపోతే? అదీగాక, ఆరు నెలలు దాటి బయట ఉంటే ఇక్కడి వీసా చెల్లదు. అసలు వచ్చే నెలకి నాదే ఉండదు, నా వీసా మీదున్న వీళ్లిద్దరిదీ ఉండదు. పుట్టింది కాకినాడలో అయినా దానికి ఊరంటే ఈ సత్వా సందులే. అక్కడ పరీక్ష తప్పితే తిరిగి రావడానికి ఈ ఊళ్లో దానికి తలుపే ఉండదు. నాకు భయమండీ. నిజంగా భయం.

ఇప్పుడు మంగకి కూడా తెలియని సంగతి చెబుతాను. స్వీడన్‌లో ఉండటానికి పర్మిట్ దరఖాస్తు నేనే నింపాను. మీ అందరి ఫారాల మీదా కంపెనీ తరఫున నేనే పెట్టేవాణ్ణి కదా, ఆ అలవాటు కొద్దీ దాని మీదా సంతకం నేనే పెట్టేశాను. అబుదాబిలోని ఎంబసీవాళ్లు తిప్పి పంపారు. అమ్మాయి మేజరు, సంతకం ఆమే చేయాలి, ఇరవై ఒక్క రోజుల్లో తెచ్చివ్వండి అని రాసి, కొత్త ఫారం జత చేశారు. ఆ కవరు నా ఆఫీసు డ్రాయర్లో పంతొమ్మిది రోజులుగా ఉంది. రోజూ పొద్దున్నే పిల్ల, "నాన్నా, ఎంబసీ నుంచి ఏమైనా వచ్చిందా?" అంటుంది. నేను "బుక్రా" అంటాను. రేపు, రేపు అని ఆ కిటికీల వెనకవాళ్లు నాకు ఇన్నేళ్లు చెప్పిన మాటే. మరిచిపోయానని బొంకను. గడువు దాటితే తప్పు నాది కాదు, కాగితానిది అవుతుందనుకున్నాను.

నిన్న ఆ కవరు సంగతి మా డ్రైవర్ అమీర్ జాన్‌కి చెప్పాను. ఆయన బండి పక్కకి ఆపాడు. "ఏం భాయ్, నేను ఫస్టు టైము వచ్చేటప్పుడు మా అమ్మ ఏడుస్తాంటే ఫోన్లో నువ్వేమన్నావ్? ఏడిస్తే ఏడవనీ, యల్లా, పద, ఫ్లైటెక్కు అన్లేదా? పరాయోళ్ల బిడ్డల్ని ఇంతమందిని ఎక్కించినావు. నీ బిడ్డ కాడికొచ్చేసరికి కాళ్లు వణుకుతాండాయా?" అన్నాడు. అవును అమీర్, వణుకుతున్నాయి. ఈ మైకు స్టాండు పట్టుకున్నది అందుకే.

ఆమనీ, ఇలా రామ్మా. (ఆమని వేదిక ఎక్కింది) ఇదిగో, నీ కవరు. ఎల్లుండి ఆదివారం ఆఖరి రోజు. 

పెన్ను పుచ్చుకుంది గానీ సంతకం పెట్టడం లేదండీ, మొదటినుంచీ చదువుతోంది. కాగితం చదువుతానన్నవాళ్లకి నేనెప్పుడూ తీరిక ఇవ్వలేదు. ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు అని వేలు చూపించడమే. మూర్తిగారూ, ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకోండి. పెట్టకపోతే బాగుండునని నాలో ఒక మూల ఇంకా ఉంది.

(విరామం)

పెట్టింది. (చప్పట్లు) ఆగండాగండి, నాతో ఇంకా ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్నే నేను అబుదాబి తీసుకెళ్తానమ్మా అన్నాను. అదేమందో మైకులో మీకు వినపడలేదు. "వద్దు నాన్నా. ఘుబైబా బస్టాండు నుంచి బస్సులో నేనే వెళ్తాను" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా భయంగా ఉంది.

మూర్తిగారికి, కార్యవర్గానికి, నా తోటి పనివాళ్లందరికీ కృతజ్ఞతలు. ఇరవై రెండేళ్లు మీరు మీ కాగితాలు చదవకుండానే నమ్మి నా చేతిలో పెట్టారు. మా అమ్మాయి ఆ ఫారం నాకు తిరిగి ఇవ్వలేదు. సెలవు.