ఉమ్మడి డిస్కులో ఒంటె

మళ్లీ గోడలు కట్టమంటారా? ఏం మాట నాగభూషణం గారూ అది! మీరు అడ్మిన్ మేనేజరే కావచ్చు, నేను మొన్న మొన్న చేరిన, కంప్యూటర్ సర్వర్లు చూసుకునే కుర్రాణ్నే కావచ్చు. కట్టను. కావాలంటే ఉద్యోగంలోంచి తీసేయండి.

ముందు కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీ కాదు, దానికి మూడు కాళ్లే. ఇదిగో, ఈ యూపీఎస్ మీద కూర్చోండి. ఏం కాదు సార్. ఈ ఏసీ గదిలో మనిషికి వెచ్చగా ఉండే చోటు అదొక్కటే.

ఉమాశంకర్ గారి డ్రాయింగు సేవ్ కావట్లేదని నాకూ తెలుసు. సాయంత్రం లోపల టెండర్‌కి పంపకపోతే ఫ్యాన్ల ఆర్డరు పోతుందనీ తెలుసు. పై అంతస్తులోంచి ఆయన అరుపులు వినబడుతూనే ఉన్నాయి. హిందీలో తిడుతున్నారంటే నిజంగానే కోపమొచ్చినట్టు.

కానీ తప్పు నేను డిస్కులన్నీ కలిపి చేసిన పూల్‌దంటే మాత్రం ఒప్పుకోను!

అంతకుముందు ఎలా ఉండేది, మీరే చెప్పండి. ఒక్కో డిపార్ట్‌మెంటుకి ఒక్కో డిస్కు. అకౌంట్స్ జానకీదేవి మేడం డిస్కు నిండిపోయి, పాపం ఆవిడ ఫైళ్లన్నీ సీడీల్లోకి ఎక్కించి బిస్కెట్ డబ్బాలో దాచుకునేది. పర్చేజ్ వాళ్ల డిస్కేమో బీడు భూమిలా ఖాళీ. కాస్త ఇమ్మంటే ఇచ్చారా? "హమారా హై భయ్యా" అన్నారు. ఏం, వీళ్ల తాతలు దున్నారా ఆ డిస్కుని?

అందుకే గోడలు కూల్చాను. డిస్కులన్నీ కలిపి ఒకే పూల్ చేశాను. అందులోంచి ప్రతి డిపార్ట్‌మెంటుకీ ఒక వర్చువల్ డిస్కు కోసిచ్చాను. భూసంస్కరణ సార్ ఇది! రక్తపు బొట్టు చిందకుండా, ఒక్క ఆదివారంలో!

అచ్ఛా, మరెందుకు నిండిందంటారా?

అదీ... ఏంటంటే... మీ కంప్యూటర్లో మీ డిస్కు రెండొందల జీబీ అని కనిపిస్తుంది కదా, అది మాట సార్. చోటు కాదు. మీరు ఫైలు పెట్టినప్పుడే పూల్‌లోంచి అంత చోటు వస్తుంది. అందరూ ఒకేసారి నింపరు కదా అని, ఉన్నదానికి మూడింతలు మాటిచ్చాను.

అలా చూస్తారేంటి? ఎన్నికలప్పుడు ఇంతకు పదింతలిస్తారు. వాళ్లకి దండలేస్తారు, నన్ను తిడతారా?

జనాన్ని నమ్మాను సార్. అదే నా నేరం. "ఉమ్మడి ఆస్తిని ఉమ్మడిగా కాపాడుకుందాం" అని నోటీసు బోర్డు మీద మూడు భాషల్లో అంటించాను. దాని మీద ఎవరో క్యాంటీన్ మెనూ అంటించారు.

నింపిందెవరో చూపించనా? ఇలా రండి. ఇదిగో, మొన్నటి ఆఫీసు పిక్నిక్ వీడియో. సూరజ్‌కుండ్ మేళా. మీరు ఒంటె ఎక్కారు. ఒంటె కూర్చుంది. మీరేమో ఎగిరి జిలేబీ బండి దగ్గర... సరే సరే, చెప్పను.

ఒంటె ఒక్కటే సార్. మీరు పడింది ఒక్కసారే. కాపీలు ఇరవై మూడు! ఒక్కోటి సినిమా అంత సైజు. ఉమ్మడి ఫోల్డర్లో ఒకటి ఉందిగా, అది చూసుకోండి అంటే, "ఎవరైనా డిలీట్ చేసేస్తే?" అంటారు. ఉమ్మడిది అని చెబితే చాలు, రేపటికి ఉండదని మన జనానికి అంత నమ్మకం! పర్చేజ్ వాళ్లయితే మీరు పడేది స్లో మోషన్‌లో చేయించుకున్నారు.

మీకు కోపమెందుకు? మీ ఫోల్డర్లోనే మూడున్నాయి. "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇంట్లో చూడకూడనిది".

నేనే తీసేయాలా? అడిగాను సార్, ఒక్కొక్కర్నీ. అందరూ "ముందు పక్కవాళ్లది తియ్" అన్నారు. చెప్పకుండా తీస్తే నాకూ జమీందారుకీ తేడా ఏముంది? పోనీ మీవి మూడూ తీసేయనా? చూశారా, మీరూ పక్కవాళ్ల ఫోల్డరే చూపిస్తున్నారు.

ఏది సార్? లిస్టులో ఆ చివరి లైనా? అబ్బే, అదేం లేదు. సిస్టం తాలూకు. మౌస్ ఇటివ్వండి... సార్, మౌస్!

అవును. "ప్రజల కోసం" అనే పేరే. అవును, వంద జీబీ. మాట కాదు, అసలు చోటే. ఇంకెవరూ ముట్టుకోకుండా కట్టిపెట్టింది. గోడే అనుకోండి.

అందులో ఉన్నది ఒక్కటే ఫైలు. నా మేనిఫెస్టో. ఒకటిన్నర పేజీ. "గోడలు నశించాలి" అని మొదలవుతుంది.

ఏం చెప్పను సార్. డిస్కులు కలుపుతుంటే చెయ్యి దానంతటదే వెళ్లింది. మొదట నాకో ముక్క కోసుకున్నాకే మిగతావాళ్లకి పంచాను. ఎందుకంటే... ఎవరైనా డిలీట్ చేసేస్తే?

సరే, తీసేస్తున్నాను. ఇదిగో, పోయింది. ఫైలుకేం, పెన్ డ్రైవ్‌లో ఉంది. నేను అద్దెకుండే గదిలో ఇంకో కాపీ ఉంది. ఉమాశంకర్ గార్ని ఇప్పుడు సేవ్ నొక్కమనండి.

అయినట్టే ఉంది. వినండి, తెలుగులో మాట్లాడుతున్నారు.

ఇక తిట్టండి సార్. పడతాను.

ఏంటీ? గొంతు తగ్గించారేంటి? తలుపెందుకు వేస్తున్నారు?

అలాంటిదే... మీకూ ఒకటా? గోడతో సహానా?

ఠీక్ హై. ఎంత కావాలి, యాభై చాలా? పేరేం పెట్టమంటారు?

"ప్రజల కోసం" అని పెట్టేయనా? ఆ పేరు ఇప్పుడే ఖాళీ అయింది.