అందరూ కళ్ళు మూసుకున్నాక

ఊపిరి మీద ధ్యాస పెట్టమంటారేంటి మేడమ్, నా ధ్యాసంతా వాడి పీక మీదుంటే!

అయ్యో, మీరు కళ్ళు తెరవకండి. మనసులో ఏదొస్తే అది పైకి చెప్పెయ్యమ్మా, నేను మధ్యలో మాట్లాడను అన్నారుగా. మా ఆఫీసు పెద్దాయన నన్ను మీకు అప్పగించింది అందుకేగా. "పాపం, మీటింగులో చెయ్యి జారి ఏదో నొక్కింది, ఆ దిగులుతో పని మీద మనసు పెట్టలేకపోతోంది, కాస్త మనశ్శాంతి నేర్పండి" అన్నారట.

చెయ్యి జారిందట! నవ్వొస్తోంది.

ఆఫీసు ఇళ్ళకొచ్చేశాక రోజూ పొద్దున్నే మీరు తెర మీదకొచ్చి మాచేత ధ్యానం చేయిస్తున్నారు కదా. ఆ మీటింగు నడిపే డ్యూటీ నాకు తగిలించారు. అందర్నీ లోపలికి రానివ్వడం, మైకులు మూయడం. మీరు కళ్ళు మూసుకోమంటే అందరూ మూసుకుంటారు. ఎవరింట్లో కుక్క అరుస్తుందో, ఎవరి మైకు తెరుచుకుంటుందోనని నేనొక్కదాన్నీ కాపలా.

కాపలా ఏంటిలెండి, రాణిని! గళ్ళు గళ్ళుగా అన్ని మొహాలు, నిద్రపోతున్న రాజ్యంలా. పెద్దాయన నోరు మెల్లగా తెరుచుకునేది.

ఒక పొద్దున ఆ రాజ్యంలో ఇంకో రెండు కళ్ళు మెలకువగా ఉన్నాయి మేడమ్.

లెక్కల విభాగం అబ్బాయి. కళ్ళజోడు అంటాం. తిన్నగా చూశాడు. జోడు ముక్కు మీదకి తోసుకుని సన్నగా నవ్వాడు. ఇక రోజూ అంతే. మీరు "ఈ క్షణంలో ఉండండి" అనేవారు. నాకంటే బాగా ఎవరున్నారు చెప్పండి! వదిన వంటింట్లో మిక్సీ తిప్పుతున్నా వినపడేది కాదు. నా వెనక తాడు మీద ఆరేసిన బట్టలు కనపడకుండా ఎర్ర దుప్పటొకటి అడ్డం కట్టాను, అది కూడా రాజమహల్ తెరలా ఉండేది. ఆఫీసులో నా పేరే ఎర్రదుప్పటి లెండి. ఇంకెవరి వెనకా అంత ఎరుపు లేదు.

ఒక్క మాట మాట్లాడుకోలేదు మేము. మాటలెందుకులే అనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

పోయిన వారం ఉంగరాల జుట్టు ఫోన్ చేసింది. ప్రకటనల విభాగంలో చేస్తుందే, ఆవిడ. "ఏమేవ్, ఎవరికీ చెప్పకు. ధ్యానంలో ఓరకంట చూశాను కదా, కళ్ళజోడు నన్నే చూస్తున్నాడే! నవ్వుతున్నాడు కూడానూ!"

"అలాగా అక్కా," అన్నాను. ఫోన్ పెట్టేసి, దుప్పటి వెనక్కెళ్ళి, తాడు మీది చొక్కాలో మొహం పెట్టుకుని ఏడ్చాను. వదిన వచ్చి చూసి, "ఆరిన చొక్కా అది, మళ్ళీ ఆరెయ్యమంటావా ఏంటి?" అంది.

నిజమే కదా మేడమ్. తెర మీద మనిషి ఎదురుగా చూస్తే చాలు, ఎవరికి వాళ్ళకి తమనే చూస్తున్నట్టుంటుంది. ఏ గడిని చూస్తున్నాడో వాడికే ఎరుక. ఎంతమందికి పంచాడో ఆ నవ్వు! ఏడుపు ఆరిపోయింది గానీ, కడుపులో మంట ఆరలేదు.

మర్నాడు మీరు "పెదాలు వదులు చెయ్యండి" అన్నారు. వాడు అదే అదునని పెదాలు సున్నా చుట్టి ముద్దు విసిరాడు! అదే మొదటిసారి. ఎవరికి? ఇంకెవరికి, ఆ ఉంగరాల మహారాణికి!

మీటింగు నడిపేవాళ్ళ దగ్గర ఒక బటన్ ఉంటుంది మేడమ్. నొక్కితే మనం ఎంచుకున్న మొహం అందరి తెరల మీదా గోడంత అవుతుంది.

నొక్కాను. ధ్యానం అయిపోయిందని మీ గంట మోగింది. అందరూ కళ్ళు తెరిచారు. వాడి పెదాలింకా సున్నాలానే ఉన్నాయి.

"ఏం బాబూ, ఊపిరి ఇలా కూడా వదులుతారా?" అన్నారు పెద్దాయన, తన మైకు తనే తెరుచుకుని.

ఇక చూడండి నవ్వులు! మిగతా మైకులన్నీ మూసి ఉన్నాయిగా, వినపడవు. నేనే తెరిచాను. వాడు వినాలని, ఒక్కొక్కటీ తెరిచాను. ప్రాణం చల్లబడింది మేడమ్. మీరు ఇన్నాళ్ళూ చెప్తున్న ప్రశాంతత ఇదే కాబోలు అనుకున్నాను.

ఉండండి, కాసిని నీళ్ళు తాగుతాను.

మొహం గోడంత అయింది కదా. కళ్ళజోడు అద్దాలూ పెద్దవయ్యాయి. వాడి తెర వాటిలో కనిపిస్తోంది. గళ్ళు లేవు మేడమ్. తన వరకు ఒకే ఒక్క బొమ్మని తెర నిండా పెట్టుకుని చూస్తున్నాడు. రెండు అద్దాల్లోనూ ఎరుపే. నా దుప్పటి ఎరుపు. మధ్యలో నా తల.

అది ఎప్పుడు చూశానో చెప్పనా? నేను మొదటి మైకు తెరవకముందే.

చూశాకే తెరిచాను. అన్నీ తెరిచాను. అంత పైకెక్కిన కోపం, దిగిరమ్మంటే దిగొస్తుందా? పగ అంత తియ్యగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

కళ్ళు తెరిచేశారేం మేడమ్?

నిన్న ఉద్యోగం మానేశాడట. నాకు మెసేజ్ పెట్టాడు, "పొరపాటున నొక్కావు కదూ?" అని. అవును, చెయ్యి జారింది అని పెట్టాను. ఇంకేమని పెట్టను?

సరే, మూసుకోండి మళ్ళీ. ఊపిరి పీలుస్తాను.

రేపు పొద్దున ఆ ఉంగరాల జుట్టు మళ్ళీ ఓరకంట చూస్తుంది కదా... బటన్ ఇంకా నా దగ్గరే ఉంది మేడమ్.