బాణం వేశాక అరగంట

ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని చార్టర్స్ టవర్స్‌లో, విల్లంబుల కొట్టు మూసే వేళ. కౌంటర్ లోపల కొట్టు యజమాని నెవిల్, బయట పాత నేస్తం డెస్. భార్య మెర్ల్ పోయాక డెస్ ఈ కొట్టుకు రావడం ఇదే మొదలు.

“బరువైనవే అన్నాను కదా, నెవిల్.”

“విన్నాన్లే, నాకింకా చెవుడు రాలేదు. ఏళ్ల తరబడి తేలిక బాణాలే కావాలని నా ప్రాణం తోడేసినవాడివి. ఇవాళ ఇనప చువ్వలు అడుగుతున్నావని ఆగాను.”

“మనిషి మారకూడదా?”

“మారొచ్చు. విల్లు మారిందా?”

“అదే విల్లు.”

“భుజం?”

“అదే. కాస్త మూలుగుతోంది.”

“మరింకేం. ఆ భుజంతో ఇంత బరువు వేస్తే బాణం ఎగరదురా, నడుస్తుంది. నువ్వు కొట్టేది చుక్కల దుప్పిని. నారి చప్పుడు వినగానే వంగి దూకేస్తుంది. బాణం చేరేసరికి అది ఉన్నచోట ఉండదు. తగిలినా ఏ తొడకో తగులుతుంది.”

“దగ్గర్నుంచి వేస్తాను.”

“ఎంత దగ్గర? చెవిలో చెప్పి వేస్తావా?”

“బరువుది సరిగ్గా తగిలితే ఇటునుంచి అటు దూసుకుపోతుంది, జంతువు నాలుగడుగుల్లో పడిపోతుంది. నువ్వే చెప్పేవాడివి.”

“అది నీటిదున్నలకి చెప్పాను. తేలిక బాణంతో మాత్రం దుప్పి పడదా? కాస్త దూరం పోయి పడుతుంది. గడ్డిలో నెత్తురు చూసుకుంటూ వెళ్తే దొరుకుతుంది. నీకెప్పుడు దొరకలేదు?”

“మెర్ల్ కళ్లకి దొరికేవి.”

“నీ కళ్లకీ దొరుకుతాయి.”

“వెతకడం గురించి కాదులే.”

“మరి?”

“ఏం లేదు. బరువైనవే నా కొలతకి కోసివ్వు.”

“ఏం లేకపోతే నా మొహం చూసి చెప్పు.”

“వేసిన వెంటనే లేవకూడదు కదా. లేస్తే దెబ్బతిన్న దుప్పి బెదిరి ఇంకా దూరం పోతుంది. అరగంట కూర్చోవాలి.”

“కూర్చో.”

“ఆ అరగంట మెర్ల్ ఫ్లాస్కు తీసేది. మూతలో నాకు టీ పోసేది. బాణం ఎక్కడ తగిలిందని గుసగుసగా పోట్లాడుకునేవాళ్లం. ఎప్పుడూ తన మాటే నిజమయ్యేది. తను నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచేది. లేచే వేళ అయ్యేదాకా తీసేది కాదు.”

“ఇన్నేళ్లలో చెప్పలేదేం రా?”

“చెప్పేదేముంది. మొన్న వెళ్లాను. మంచి కొమ్ముల పోతు, పక్కకి తిరిగి నిలబడింది. నారి లాగాను కూడా. అప్పుడు ఆ అరగంట గుర్తొచ్చింది. దించేశాను.”

“దించేసి?”

“ఇంటికొచ్చి రొట్టె కాల్చుకు తిన్నాను. అందుకే కళ్ల ముందే పడిపోయేవి ఇవ్వమంటున్నాను. నాకు కూర్చునే పని ఉండకూడదు.”

“ఇవ్వను.”

“అమ్మడం నీ పని కదా.”

“ఎవరికి ఏది అమ్మకూడదో చూడడం కూడా నా పనే. దుప్పి తొడలో బాణంతో కుంటుకుంటూ పోతే నువ్వు నిద్రపోతావా? తేలికవే కోస్తున్నాను.”

“నెవిల్, వాటితో నేను వెళ్లలేను.”

“శనివారం ఎన్నింటికి బయల్దేరదాం?”

“నువ్వా? నెత్తురు చూస్తే కళ్లు తిరిగి పడిపోతావు.”

“నెత్తురు దాకా ఎవరొస్తున్నారు? నేనొచ్చేది ఆ అరగంట వరకే. ఫ్లాస్కు నువ్వు తేకు, నేను తెస్తాను.”