ఎర్రచుక్కకు నాలుగు వేళ్ళ అవతల

సభకు అధ్యక్షత వహిస్తున్న మన షూటింగ్ శిక్షణ కేంద్రం డైరెక్టరు గారికి, వారి పక్కనున్న కోచ్ గారికి, డాక్టరు గారికి, వేదిక మీద కుర్చీలు దొరికిన పెద్దలందరికీ, కుర్చీలు దొరక్క గోడలకు ఆనుకుని నిలబడ్డ మా వర్క్‌షాపు వాళ్ళకీ, ముప్పై ఒక్క ఏళ్ళుగా నన్ను 'స్పానరమ్మా' అని కేకేసి, ఇవాళ మాత్రం మైకులో 'గౌరవనీయులైన శ్రీమతి' అనేసరికి ఆవిడెవరా అని నేనే వెనక్కి తిరిగి చూసేలా చేసిన మిత్రులకూ నమస్కారం. (నవ్వులు)

ఇందాక డైరెక్టరు గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. 'ఈవిడ ఇన్నేళ్ళ సర్వీసులో ఏనాడూ గొంతెత్తి మాట్లాడలేదు' అన్నారు. ఆ మాట వినగానే మూడో వరుసలో మా ఆయనకు పొలమారింది, చూశారుగా. (నవ్వులు) ఆయన్ని ఏమీ అనకండి, పాపం, ఇంట్లో వినేది ఆయనే. కానీ డైరెక్టరు గారూ, ఒక విధంగా మీరన్నది నిజమే. ఎనిమిది నెలల కిందట గొంతెత్తాల్సిన ఒకే ఒక్క చోట నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. దాన్ని మీరు మంచితనం కింద జమకట్టి నలుగురిలో మెచ్చుకుంటుంటే నా ఒళ్ళు మండిపోయింది. రాసుకొచ్చిన ప్రసంగం సంచీలోనే ఉంది, తీయను. మీరు గడియారం చూసుకుంటున్నారు, చూసుకోండి, నేను మాత్రం చెప్పే దిగుతాను.

మా ఆడపడుచు, మా మనవరాలు కూడా వచ్చారు. నేను ఇక్కడ ఏం చేస్తానో వాళ్ళకి ఇప్పటికీ తెలియదు, 'తుపాకులకి నూనె రాస్తుంది' అనుకుంటారు. కాదమ్మా. దూరపు గురి పోటీలో రైఫిల్‌ని మూడుకాళ్ళ స్టాండు మీద, అంటే ట్రైపాడ్ మీద బిగించి కాలుస్తారు. ఆ బిగింపు నా పని. ఆరువందల మీటర్ల అవతల బోర్డు ఉంటుంది. ఇక్కడ గొట్టం చివర వెంట్రుకవాసి కదిలితే అక్కడ బెత్తెడు తేడా వస్తుంది. అందుకని కాళ్ళు బాగా ఎడంగా చాపాలి, ఎత్తు కావాలంటే కాళ్ళే పొడిగించాలి గానీ నడిమి కడ్డీని పైకి లేపకూడదు. లేపితే మూడు కాళ్ళ బలమూ పోయి అంతా ఒంటికాలి మీద నిలబడినట్టే. ఇక తుపాకీని బరువు సరితూగే చోటే పట్టాలి. ఆ చోటు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఒక్కొక్క తుపాకీనీ అడ్డంగా ఈ చూపుడువేలి మీద పెట్టుకుని, అటూ ఇటూ జరిపి, అది తక్కెడ ముల్లులా నిలబడ్డ చోట ఎర్రచుక్క పెడతాను. గొట్టాన్ని మాత్రం ఏదీ తాకకూడదు, దాన్ని బిగించి పట్టారా, గుండు దాని దారిన అది పోతుంది.

ఆ ఎర్రచుక్క ఏమిటో తెలుసా? గోళ్ళరంగు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ముచ్చటపడి ఒక సీసా కొనుక్కొచ్చారు. ఈ నూనె చేతులకి గోళ్ళరంగేమిటని తెచ్చి తుపాకీకి చుక్క పెట్టాను. అప్పటినుంచీ ఆయన కొంటూనే ఉన్నారు, నేను తుపాకులకి పెడుతూనే ఉన్నాను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి, కాసేపట్లో నవ్వడానికేమీ ఉండదు.

మీలో చాలామందికి 'నిదానం' తెలుసు. ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది నేనే. ఇద్దరు కాల్చేసి, లేచి, టీ తాగి వచ్చేలోపు ఈవిడ ఒక్క గుండు కాలుస్తుంది. అది మాత్రం నడిబొడ్డున ఉంటుంది. పోయిన ఏడాది పెద్ద పోటీకి ముందు వరుసగా మూడు పోటీల్లో మొదటి స్థానం. ఆ పెద్ద పోటీలో మాత్రం అయిదు గుండ్లలో రెండు బోర్డునే తాకలేదు. ఆ తర్వాత విచారణ జరిగింది. ఫైల్లో డాక్టరు గారు ఒక ముక్క రాశారు: 'చేతుల్లో వణుకు, పోటీలకు తగదు.' అంతే, జట్టులోంచి తీసేసి ముందాఫీసులో కూర్చోబెట్టారు. వచ్చేపోయే వాళ్ళ పేర్లు రాసుకోవడం, మీటింగులకి మంచినీళ్ళు అందించడం. ఎల్లుండి సోమవారం కొత్త జట్టు జాబితా పైకి వెళ్తుంది. ఆ ముక్క ఫైల్లో ఉన్నంతకాలం ఆ జాబితాలో ఆమె పేరు ఉండదు. రెండేళ్ళు పోతే ఇక వయసు కూడా దాటిపోతుంది.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. పొద్దున్నే నేను ఆమె తుపాకీ బిగించాను, చుక్క చూసుకున్నాను, తనిఖీ కార్డు మీద 'పరికరం సక్రమం' అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం పడ్డాక నేను తప్ప ఎవరూ ఆ బిగింపు ముట్టుకోకూడదు, షూటరు కూడా ముట్టుకోకూడదు. అందుకే బిగింపు కీ ఎప్పుడూ నా నడుముకే వేలాడుతుంది. నేను అవతలి చివర ఇంకొకరి స్టాండు బాగుచేస్తున్నాను. కోచ్ గారు పరుగున వచ్చారు.

'స్పానరమ్మా, ఒకసారి ఆ కీ ఇవ్వు.'

'ఎందుకండీ?'

'డైరెక్టరు గారు ఫొటో తీయిస్తున్నారు. తుపాకీ మీద మన కేంద్రం గుర్తు ఉంది కదా, నీ బిగింపు సరిగ్గా దాని మీదే పడింది, కనబడటం లేదు. రెండు నిమిషాలు జరిపి మళ్ళీ పెట్టేస్తాం.'

ఇచ్చాను. చేతులారా ఇచ్చాను. ముప్పై ఏళ్ళలో ఎవరికీ ఇవ్వని కీని, డైరెక్టరు గారి పేరు చెప్పగానే తీసి ఇచ్చేశాను. పది నిమిషాల్లో కీ తిరిగి వచ్చింది. కీ వచ్చింది కదా, బిగింపు కూడా చోటికి వచ్చే ఉంటుందనుకున్నాను. వెళ్ళి చూడలేదు. చూడాల్సింది. నా పని అదే.

బిగింపుని గొట్టం కిందికి జరిపారు. మనిషి మొహం ఫొటోలో నిండుగా పడాలని నడిమి కడ్డీని జానెడు పైకి లేపారు. ఫొటో అయిపోయింది, పోటీ మొదలని గంట కొట్టారు, అందరూ ఎవరి కుర్చీల్లోకి వాళ్ళు పోయారు. నిదానం తుపాకీ మీద చెయ్యి వేసి, 'సార్, ఇది ఊగుతోంది' అంది. కోచ్ గారేమన్నారు? 'ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస, కాల్చు' అన్నారు. పక్క వరుసలో ఉన్న నలుగురు విన్నారు, ఆ నలుగురూ ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు. అయ్యా కోచ్ గారూ, సామెత బాగానే ఉంది. మరి మద్దెల నిజంగానే ఓటిదైతే? దాన్ని ఓటిది చేసింది మీరే అయితే?

పోటీ అయ్యాక స్టాండు విప్పడానికి వెళ్ళాను. చుక్క ఒకచోట ఉంది, బిగింపు ఒకచోట ఉంది. మధ్యలో నా వేళ్ళు పెట్టి చూశాను, నాలుగు వేళ్ళ ఎడం.

విచారణలో నన్ను పిలిచారు. 'కార్డు మీద సంతకం మీదేనా?' 'నాదేనండీ.' 'పరికరం సక్రమం అని రాసింది మీరేనా?' 'నేనేనండీ.' 'సరే, వెళ్ళొచ్చు.' తలుపు దాకా వెళ్ళి ఆగాను. డైరెక్టరు గారు లేచి వచ్చి, వరండాలో, చాలా మెత్తగా చెప్పారు: 'ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నారు. కీ ఇచ్చింది మీరేనని కూడా రాయాల్సి వస్తుంది. ఎందుకమ్మా లేనిపోని గొడవ?' కోప్పడి ఉంటే నేనూ తిరగబడేదాన్నేమో. మెత్తగా చెప్పేసరికి తల ఊపి వచ్చేశాను.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే నిదానం పక్కన వచ్చి నిలబడింది. 'అక్కా, నువ్వు చూశావు కదా?' అంది. అంతే అడిగింది. నేను 'పోనీలే అమ్మా, మళ్ళీ ఏడాది చూద్దాం' అన్నాను. ఆ 'పోనీలే' అన్నందుకు నన్ను చెప్పుతో కొట్టినా పాపం లేదు. ఆ పిల్ల కుళాయి కట్టేసి వెళ్ళిపోయింది. మర్నాటినుంచీ నన్ను 'మేడమ్' అంటోంది.

నా మాట నమ్మకండి. ముసలిది, పోతూ పోతూ బురద చల్లుతోందనుకోండి. ఒక్కసారి అందరూ తలెత్తి వేదిక వెనక గోడ మీదికి చూడండి. డైరెక్టరు గారూ, మీరూ తిరిగి చూడండి, పరవాలేదు. ఆ రోజు తీయించిన ఫొటోయే, అంత పెద్ద పటం! మనందరం ఎనిమిది నెలలుగా దాని కింద నుంచే నడుస్తున్నాం. కేంద్రం గుర్తు ఎంత చక్కగా కనబడుతోందో చూడండి. గుర్తు కింద ఎర్రచుక్క ఉందా? బిగింపు ఎక్కడుంది? గొట్టం కింద. కడ్డీ ఎంత లేచింది? ఫొటో మూలన టైము కూడా పడింది, గంట కొట్టడానికి నాలుగు నిమిషాల ముందు. (హాల్లో కలకలం) ఇవాళ నాకు ఇచ్చిన ఈ ఇత్తడి జ్ఞాపిక ఉందే, చేసినవాడు పాపం ఆ పటం చూసి ఉన్నదున్నట్టు చేశాడు. నా చేతికి తుపాకీ బొమ్మ ఇచ్చారు, అందులోనూ గొట్టమే బిగించి ఉంది! ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేయొద్దని మొత్తుకున్న పనిని పోతపోసి నాకే సన్మానం చేశారు. ఇది నేను ఇంటికి పట్టుకెళ్ళను. సాక్ష్యం కింద ఈ బల్ల మీదే ఉంచుతున్నాను.

డాక్టరు గారూ, మిమ్మల్ని ఒకే మాట అడుగుతాను. 'వణుకు' అని రాసేముందు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చూశారా? తల దించుకోకండి, ఎదురుగా ఉన్న గ్లాసు చూడండి. ఇందాక ఆరు గ్లాసులు, అంచుదాకా నిండు నీళ్ళు, ట్రేలో పెట్టుకుని ఆ గుమ్మం దగ్గర్నుంచి ఇంత జనంలోంచి, ఈ మూడు మెట్లెక్కి ఎవరు తెచ్చారు? ఒక్క చుక్క ఒలికిందా? ట్రే మీద తడి ఉందా? ఆ నీళ్ళే తాగారు కదండీ మీరు! (చాలాసేపు చప్పట్లు) చప్పట్లు ఆపండి. మీరూ తక్కువ తినలేదు. ఎనిమిది నెలలు నాతోపాటు మీరూ నోరు మూసుకున్నారు.

నిన్న కూర్చుని ఇంకో తనిఖీ కార్డు రాశాను. చదువుతాను. 'పోటీ సమయానికి పరికరం సక్రమంగా లేదు. తనిఖీ తర్వాత బిగింపు మార్చబడింది. కీ ఇచ్చి, తిరిగి చూడకపోయిన తప్పు నాది. షూటరు తప్పు ఏమీ లేదు.' కింద నా సంతకం ఉంది. పింఛను ఆపుతారో, ఏం చేస్తారో మీ ఇష్టం. డైరెక్టరు గారూ, ఇది అందినట్టు ఇక్కడే, వీళ్ళందరి ముందు సంతకం పెట్టండి. పెన్ను లేదా? స్టోరు కీపరన్నయ్యా, ఒక పెన్ను ఇటివ్వు. తొందరేం లేదు, చదువుకునే పెట్టండి. నేను నిలబడే ఉంటాను.

పెట్టారు. సంతోషం. దీని నకలు సోమవారం పొద్దున జాబితాతో పాటు పైకి వెళ్ళేదాకా నేను ఆఫీసు బయట బెంచీ మీదే కూర్చుంటాను, ఇంట్లో నాకేం పనుందిప్పుడు?

చూస్తున్నారా, కార్డు పట్టుకున్న నా చెయ్యి ఎలా ఊగుతోందో? ఇదిగో, రాసుకోండి డాక్టరు గారూ. వణుకు ఉన్నది నాకు. ఎనిమిది నెలలుగా ఉంది.

నా చోటికి వచ్చే కొత్త మెకానిక్కు ఎక్కడున్నాడు? ఇలా రా నాయనా. ఇదిగో బిగింపు కీ, ఇదిగో గోళ్ళరంగు సీసా, నిన్ననే మా ఆయన కొన్నారు. చుక్క పెట్టేటప్పుడు పక్కవాళ్ళతో కబుర్లు చెప్పకు. కీ మాత్రం ఎవరడిగినా ఇవ్వకు. ఎవరి పేరు చెప్పినా ఇవ్వకు.

నన్ను భరించిన వర్క్‌షాపు వాళ్ళకీ, ఇంట్లో భరించబోతున్న మా ఆయనకీ, ఇంతసేపూ మైకు తీసెయ్యని ఆ కుర్రాళ్ళకీ నా ధన్యవాదాలు.

నిదానం, గుమ్మం దగ్గర అలాగే నిలబడిపోయావేం? ఆ ట్రే కింద పెట్టెయ్యమ్మా. దాహం వేసినవాళ్ళు వాళ్ళే వెళ్ళి తెచ్చుకుంటారు.

సెలవు.